ఆగిన వెంటనే కిక్కు కొట్టకండి

ఎల్లారెడ్డిలో ఏ మెకానిక్ షెడ్డు ముందైనా ఓ గంట నిలబడండి. ఈ మాట తప్పకుండా చెవిన పడుతుంది. "అన్నా, ఇప్పుడైతే మంచిగనే నడుస్తుంది. లింగంపేట దాటినంక బంద్ పడ్డది. కొద్దిసేపు ఆగి కొడితే మళ్లా స్టార్ట్ అయింది."

మెకానిక్ కిక్కు కొడతాడు. ఇంజన్ ఒక్క దెబ్బకే అందుకుంటుంది. ఎక్సలేటర్ తిప్పి చూస్తాడు, ఎక్కడా తేడా లేదు. ఇక ఆయన చేతిలో మిగిలేది అంచనా ఒక్కటే. ప్లగ్గు మారుస్తాడు, కార్బరేటర్ విప్పి కడుగుతాడు. నాలుగు రోజులు గడవకముందే బండి మళ్లీ ఆగుతుంది. ఈసారి కాయిల్ మారుతుంది. తర్వాత ప్లగ్గు నిప్పురవ్వను నడిపే సీడీఐ పెట్టె, ఆ తర్వాత బ్యాటరీ. డబ్బులు పోతూనే ఉంటాయి, లోపం మాత్రం అలాగే ఉంటుంది. చివరికి "ఈ బండి నాకు అచ్చిరాలేదు" అని అయినకాడికి అమ్మేస్తారు. కొన్నవాడు కొన్నాళ్లకు హ్యాండిల్ కింద తెగిన ఒక్క వైరు అతికించుకుని హాయిగా తిరుగుతాడు.

ఇందులో మెకానిక్ తప్పు పెద్దగా లేదు. లోపం ఆయన ముందుకు రాలేదు. అది బయటపడిన నిమిషంలో దాని పక్కన ఉన్నది మీరొక్కరే. వచ్చిపోయే లోపానికి బండి నడిపే మనిషే సాక్షి. ఆ సాక్ష్యం సరిగా చెప్పగలిగితే సగం రిపేరు అయిపోయినట్టే. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగిలినదంతా ఆ సాక్ష్యం ఎలా కూడగట్టాలన్న వివరం.

మన దగ్గర ఇది చిన్న విషయం కూడా కాదు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పటి నుంచి కలెక్టరేటు పనికైనా, పెద్ద వైద్యానికైనా ఎల్లారెడ్డి మనిషి కామారెడ్డి దారి పట్టాల్సిందే. ఇటు మెదక్ పోవాలంటే పోచారం అడవి పక్క నుంచి పోవాలి. పాల క్యాన్లు, ఎరువు బస్తాలు, బడి పిల్లలు అన్నీ ఆ రెండు చక్రాల మీదే. రాత్రిపూట అడవి దారిలో లైట్లతో సహా బండి మొత్తం చచ్చిపోతే, వెనక వచ్చే లారీకి మీరక్కడ ఉన్నట్టే తెలియదు. ఒక్కసారి అలా ఆగిన బండిని "మళ్లీ స్టార్ట్ అయింది కదా" అని వదిలేయకూడదు.

బండి ఆగిన క్షణంలో ముందు ప్రాణం సంగతి చూసుకోవాలి. క్లచ్ పట్టండి. ఉన్న వేగంతోనే ఎడమకు తీసి తారు దిగండి. 44వ నంబరు హైవే మీదైతే అంచున నిలబడి బండి చూడటం ప్రమాదం, నెట్టుకుంటూ బాగా లోపలికి పోండి. అక్కడ నిలిపాక చేయి దానంతట అదే సెల్ఫ్ బటన్ మీదికి, కాలు కిక్కు మీదికి పోతాయి. పోనివ్వకండి. కిక్కు కొట్టినప్పుడల్లా బండి అదురుతుంది. ఆ అదురుకు వదులైన కనెక్షన్ మళ్లీ అంటుకుంటుంది, ఇంజన్ అందుకుంటుంది, లోపం దాక్కుంటుంది. రెండు నిమిషాలు ఓపిక పడితే, వారాలపాటు దొరకని జవాబు అక్కడే దొరకవచ్చు.

తాళం ఆన్‌లోనే ఉంచి హారన్ కొట్టండి. న్యూట్రల్ లైటు చూడండి. ఇండికేటర్ వేయండి. ఇవి పనిచేస్తుంటే బ్యాటరీ, మెయిన్ ఫ్యూజు, తాళం స్విచ్ దాదాపు బాగున్నట్టే. ఇక వెతకాల్సింది ఇంజన్‌కు కరెంటు ఇచ్చే దారిలోనో, పెట్రోలు దారిలోనో. ఏదీ పలకకపోతే ఇంజన్ జోలికి పోనక్కర్లేదు. బ్యాటరీ టెర్మినల్, ఫ్యూజు, తాళం స్విచ్, ఎర్తు వైరు, ఈ నాలుగింటిలో ఒకటి వదులై ఉండొచ్చు, లేదా పోయి ఉండొచ్చు. హెడ్‌లైటును మాత్రం నమ్మవద్దు. చాలా చిన్న బండ్లలో అది నేరుగా మ్యాగ్నెట్ కాయిల్ నుంచి వెలుగుతుంది, ఇంజన్ ఆగితే అదీ ఆరుతుంది. దాన్ని చూసి "కరెంటు మొత్తం పోయింది" అనుకుని మంచి బ్యాటరీలు మార్చినవాళ్లు చాలామంది.

తర్వాత గుర్తు చేసుకోవాల్సింది ఇంజన్ ఎలా ఆగిందో. స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగితే తొంభై పాళ్లు కరెంటు సంగతే. గుంజుతూ, మిస్సింగ్ కొడుతూ, రెండు మూడు సార్లు దగ్గి ఆగితే పెట్రోలు అందడం లేదు. అప్పుడు ట్యాంకు మూత తీయండి. "స్‌స్" అని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఆ తర్వాత బండి మామూలుగా నడిస్తే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి ఇది మామూలే. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో ఖాళీ పెరుగుతుంది, గాలి లోపలికి రాదు, పెట్రోలు కిందికి దిగదు. పది పదిహేను కిలోమీటర్లకు ఆగడం, కాసేపు నిలిపితే బాగుపడటం దీని లక్షణం. చిన్న సూదితో పోయే దీనికి కార్బరేటర్లు మార్చేస్తుంటారు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. వాననీరు ట్యాంకులోకి దిగితే ఇథనాల్ దాన్ని కలుపుకుని అడుగుకు చేరుతుంది. వానలో తడిసిన మర్నాడు బండి దగ్గుతుంటే ట్యాంకు అడుగు పెట్రోలు ఒక గాజు సీసాలోకి పట్టి చూడండి, నీళ్లుంటే కింద వేరే పొరగా కనిపిస్తాయి.

ఇక కరెంటు సంగతి. దీనిమీద కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

హ్యాండిల్ నుంచి ట్యాంకు కిందికి దిగే వైర్ల కట్టను ఒకసారి దగ్గరగా చూడండి. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ ఆ కట్ట ఒకే చోట వంగుతుంది. ఏళ్ల తరబడి అలా వంగి వంగి లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పై రబ్బరు మాత్రం చెక్కుచెదరదు. కంటికి వైరు కొత్తదిలాగే ఉంటుంది. కానీ ఆ చోట రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే, మిగతా వైరులా బిగువుగా ఉండకుండా మెత్తగా సాగుతుంది. లోపల రాగి లేదు, ఉత్త రబ్బరే మీ చేతిలో ఉంది. తెగిన కొసలు గతుకు రోడ్డు మీద విడిపోతాయి, షెడ్డులో నిలిపితే అంటుకుంటాయి. దీన్ని పట్టే పద్ధతి తేలిక. ఇంజన్ స్లోలో పెట్టి హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పండి. తర్వాత ట్యాంకు కింద, సీటు కింద వైర్లను కలిపే కప్లర్లను ఒక్కొక్కటిగా కదపండి. రెండు కలిపి కదిపితే దేనివల్ల ఆగిందో తెలియదు. ఎక్కడ చేయి పెడితే ఇంజన్ తడబడుతుందో అక్కడే ఉంది మీ దొంగ.

కప్లర్ విప్పితే లోపల పచ్చగా చిలుం కనిపించవచ్చు. 2025 ఆగస్టు ఆఖరులో కామారెడ్డి జిల్లాలో కురిసిన వానలకు రోడ్లు, కల్వర్టులు కొట్టుకుపోయాయి. అప్పుడు నీళ్లలో మునిగిన బండ్లలో ఇంజన్ ఆయిలు మార్చి ఊరుకున్నవి ఉంటే, వాటి కప్లర్లలో చిలుం మెల్లగా పెరుగుతూ ఉంటుంది. నీళ్లు పోయిన చాలా నెలలకు ఆ లోపం బయటపడుతుంది. అలాంటి బండి మీదైతే ప్రతి కప్లరూ విప్పి, శుభ్రం చేసి, ఆరబెట్టి బిగించాలి. సర్వీసింగులో నీళ్ల పంపు కొట్టేటప్పుడు కూడా స్విచ్‌ల మీద, కాయిల్ మీద, తాళం మీద కొట్టవద్దని గట్టిగా చెప్పండి.

తాళం అంటే గుర్తొచ్చింది. ఇంటి తాళాలు, షాపు తాళాలు, బీరువా తాళం, దేవుడి బిళ్ల అన్నీ ఒకే గుత్తికి వేసి బండికి వేలాడదీస్తాం. ఆ బరువు గతుకుల్లో ఊగి ఊగి తాళం స్విచ్ లోపలి పాయింట్లను అరగదీస్తుంది. అమెరికాలో ఇలాంటి లోపమే ప్రాణాలు తీసింది. 2014లో జనరల్ మోటార్స్ కంపెనీ దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. గుత్తి బరువుగా ఉన్నా, రోడ్డు కుదిపినా తాళం దానంతట అదే ఆన్ నుంచి పక్కకు జారేది. ఇంజన్ ఆగేది, ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. ఆ కంపెనీ పెట్టిన పరిహార నిధే 124 మరణాలను అంగీకరించింది. ఏళ్ల తరబడి అది ఎందుకు దొరకలేదో మనం గమనించాలి. కంపెనీ మధ్యలో స్విచ్‌ను మార్చింది, కానీ పార్టు నంబరు మార్చలేదు. ఒక బాధిత కుటుంబం తరఫున పనిచేసిన ఇంజనీరు పాత స్విచ్‌ను, షాపులో కొన్న కొత్త స్విచ్‌ను విప్పి పక్కపక్కన పెట్టి చూశాకే తేడా బయటపడింది. మార్పు చేసి రాసిపెట్టకపోతే అంత పెద్ద కంపెనీలోనే ఎవరికీ ఏమీ అర్థం కాకుండా పోయింది. మీ బండి తాళానికి ఒక్క తాళంచెవి చాలు. మిగతా గుత్తి జేబులో పెట్టుకోండి.

ఇంజన్ ఆపే ఎర్ర స్విచ్ సంగతి చాలామంది మెకానిక్‌లు కూడా కలగాపులగం చేస్తారు. బ్యాటరీ అవసరం లేకుండా మ్యాగ్నెట్ నుంచే నడిచే పాత సీడీఐ బండ్లలో ఇంజన్ ఆపాలంటే ఒక వైరును బాడీకి తగిలించాలి. ఆ వైరు ఎక్కడైనా గీరుకుపోయి ఇనుముకు తగిలితే బండి ఆగుతుంది. ప్లగ్గుకు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే బండ్లలో పద్ధతి తిరగబడింది. అక్కడ స్విచ్ గుండా కరెంటు ఇంజన్‌కు పోతుంది, అది తెగితే ఆగుతుంది. అంటే మొదటి రకంలో గీరుకుపోయిన వైరును వెతకాలి, రెండో రకంలో తెగిన వైరును వెతకాలి. మీ బండి ఏ రకమో తెలియకుండా వెతుకుతూ కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది.

వేడెక్కితే ఆగి, చల్లబడితే నడిచే బండ్లది వేరే కథ. పికప్ కాయిల్‌లోనో, ప్లగ్గుకు కరెంటు పంపే హెచ్‌టీ కాయిల్‌లోనో సన్నటి తీగ వేడికి వ్యాకోచించి విడిపోతుంది, చల్లబడితే కలుస్తుంది. షెడ్డుకు చేరేసరికి మీటరు పెట్టినా మంచిదనే చూపిస్తుంది. కాబట్టి పరీక్ష ఆగిన చోటే జరగాలి. మంచి స్పేర్ ప్లగ్గు దగ్గరుంటే, ఆగిన వెంటనే దాన్ని క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప భాగాన్ని ఇంజన్ ఇనుముకు గట్టిగా ఆనించి, రబ్బరు క్యాప్ పట్టుకుని సెల్ఫ్ కొట్టి చూడండి. ఇంజన్‌లో ఉన్న ప్లగ్గును తీయకండి, ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. ట్యాంకు మూత మూసే ఉండాలి. పెట్రోలు వాసన వస్తుంటే ఈ పని అసలు చేయొద్దు. నీలంగా, చిటపటలాడుతూ నిప్పురవ్వ వస్తే కరెంటు ఉంది. రాకపోతే ఇరవై నిమిషాలు చెట్టు నీడన కూర్చుని మళ్లీ చూడండి. అప్పుడు వస్తే మీ అనుమానం ఆ రెండు కాయిళ్ల మీదికి వచ్చినట్టే.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో బండ్ల లెక్క మారింది. చాలావాటిలో కార్బరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది, బ్యాటరీ దిగిపోతే ఇంజన్ కూడా నడవదు. తాళం తిప్పగానే ట్యాంకులోంచి రెండు సెకన్లు సన్నగా పంపు మోత వినిపించాలి. వినిపించకపోతే పంపుకు కరెంటు అందడం లేదు, లేదా పంపే పోయింది. ఆగినప్పుడు మీటరులో ఇంజన్ గుర్తు వెలిగిందా, ఎన్నిసార్లు మిణుకుమంది అన్నది ఫోనులో వీడియో తీయండి, లోపం కోడ్ అదే చెబుతుంది. ఇక సైడ్ స్టాండ్. దించితే ఇంజన్ ఆపే స్విచ్ చాలా కొత్త బండ్లలో అక్కడ ఉంటుంది. వరి పొలం గట్టున నిలిపిన బండి స్టాండుకు పట్టిన బురద ఎండి గడ్డకడితే ఆ స్విచ్ సగం సగం పనిచేస్తుంది. గతుకు వచ్చినప్పుడల్లా స్టాండు దించినట్టే అనుకుని ఇంజన్ ఆగుతుంది. షోరూంకు తీసుకుపోయే ముందు ఒక చెంబెడు నీళ్లతో దాన్ని కడిగి చూడండి.

మూడు నాలుగు వందలకు దొరికే మీటరు ఒకటి ఇంట్లో ఉంటే చాలా అనుమానాలు తీరతాయి. రాత్రంతా నిలిపిన బండి బ్యాటరీ పొద్దున 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 కన్నా తగ్గితే చార్జింగ్ కావాలి. ఇంజన్ కాస్త రేస్ చేసినప్పుడు పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర మధ్య చూపించాలి. పెరగకపోతే మ్యాగ్నెట్ కాయిలో, చార్జింగ్‌ను అదుపు చేసే ఆర్ఆర్ యూనిటో అనుమానించాలి. పదిహేను దాటితే ఆర్ఆర్ యూనిట్ పోయింది, బ్యాటరీని ఉడికించేస్తుంది. ఎర్తు చూడాలంటే ఇంజన్ నడుస్తుండగా మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండోది ఇంజన్ ఇనుముకు పెట్టండి. 0.2 వోల్టు మించి చూపిస్తే ఎర్తు వైరు విప్పి, తుప్పు గీకి బిగించాలి.

ఒక విషయంలో నా అభిప్రాయం కచ్చితం. బండికి కంపెనీ ఇవ్వని లైట్లు, పాటల హారన్లు, ఫోను చార్జర్లు తగిలించి, ఉన్న వైరును గీకి, మెలిపెట్టి, టేపు చుట్టిన చోటు ఉంటే, మరే పార్టూ కొనకముందు వాటన్నింటినీ విప్పేయండి. వారం నడిపి చూడండి. ఈ ఒక్క పనితోనే ఎన్నో బండ్లు బాగుపడతాయి. ఫ్యూజు పదేపదే పోతుంటే పెద్ద ఫ్యూజు వేయడం, తీగముక్క చుట్టడం అంతకన్నా పెద్ద తప్పు. ఫ్యూజు పోవాల్సిన చోట వైరింగు కాలిపోతుంది.

ఇన్ని సంగతులు తెలిసినా మనిషిని ఓడించేది విసుగు. రాబర్ట్ పిర్సిగ్ అనే అమెరికన్ రచయిత 1968లో కొడుకును వెనక కూర్చోబెట్టుకుని హోండా మోటార్‌సైకిల్ మీద మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియా దాకా పోయాడు. ఆ ప్రయాణం మీద 1974లో వచ్చిన ఆయన పుస్తకాన్ని ప్రపంచమంతా చదివింది. అందులో ఆయన మనిషి ఉత్సాహాన్ని పీల్చేసే అడ్డంకుల్లో ఒకటిగా ఈ వచ్చిపోయే లోపాన్నే లెక్కపెట్టాడు. బండి బాగానే ఉందని నమ్మిన ప్రతిసారీ అది మళ్లీ ఆగి మనిషిని కుంగదీస్తుంది. దీనికి నాకు తెలిసిన మందు ఒక చిన్న నోటుబుక్కు. ఆగిన తేదీ, ఎన్ని కిలోమీటర్లు నడిచాక, ఎండా వానా, హ్యాండిల్ తిప్పుతుండగానా తిన్నగా పోతుండగానా, హారన్ మోగిందా, ఎంతసేపటికి స్టార్ట్ అయింది, ఇంతే. మార్చిన పార్టు, మార్చిన తేదీ కూడా అందులోనే. ఒకసారికి ఒక్కటే మార్చండి. మూడు పార్టులు కలిపి మారిస్తే బండి బాగుపడినా దేనితో బాగుపడిందో తెలియదు, మళ్లీ ఆగితే మొదటికి రావాల్సిందే.

ఆ నోటుబుక్కుతో పోయినవాడి మాట ఎలా ఉంటుందో చూడండి. "అన్నా, పన్నెండు పదమూడు కిలోమీటర్లు పోయినంక, ఇంజన్ వేడైనంక టక్కున బంద్ అయితుంది. హారన్ మోగుతుంది, న్యూట్రల్ లైటు ఉంటుంది. ట్యాంకు మూత తీసి చూసిన, ఏం తేడా లేదు. ప్లగ్గు పెట్టి చూస్తే కరెంటొస్తలేదు. ఇర్వై నిమిషాలకు మళ్లా వస్తుంది. మూడుసార్లు గిట్లనే అయింది." ఈ నాలుగు ముక్కలు విన్న మెకానిక్ కార్బరేటర్ జోలికే పోడు. "అయితే కాయిల్ జూద్దాం తమ్మీ" అని నేరుగా అక్కడికే చేయి పెడతాడు. షెడ్డులో మీకు విలువ పెరుగుతుంది, బిల్లు తగ్గుతుంది. పాత పార్టు అడిగి తీసుకోండి. కొత్తది కూడా పనిచేయకపోతే పాతది తప్పు చేయలేదని తెలుస్తుంది, స్పేరుగా పనికొస్తుంది.

ఈ అలవాటు బండి దగ్గర ఆగిపోనక్కర్లేదు. బోరు స్టార్టరు ఒక్కోసారి ట్రిప్ అవుతుంటే, ఏ వేళకు, ఎంతసేపు నడిచాక, పక్క పొలం మోటార్లు నడుస్తుండగానా అని రాసిపెట్టుకున్న రైతు ఎలక్ట్రీషియన్‌కు సగం పని తప్పిస్తాడు. అయితే స్టార్టరు పెట్టె మాత్రం మీరు తెరవవద్దు. బండి బ్యాటరీ పన్నెండు వోల్టులు మనిషిని ఏమీ చేయవు, మూడు ఫేజుల కరెంటు వదలదు.

బండి పెట్టెలో ఒక ప్లగ్గు, ప్లగ్గు పానా, మీ బండికి సరిపడే రెండు ఫ్యూజులు, ఇన్సులేషన్ టేపు, చిన్న నోటుబుక్కు, పెన్ను ఉంచండి. వానలు మొదలుకాకముందే ఒక ఆదివారం పొద్దున సీటు విప్పి కప్లర్లు, బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్తు చూసుకోండి. ఇంట్లో కుర్రవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. ఈసారి బండి ఆగినప్పుడు మాత్రం, దయచేసి, ముందు హారన్ కొట్టి చూడండి.